పాట పాడినవాడిదే పాపమా?

మా బావ ముప్పై మూడేళ్ళు ఆర్టీసీ బస్సులో కండక్టరుగా చేశాడు. రాత్రి డ్యూటీ దిగి, డిపోలో డబ్బు కట్టే ముందు, తోలు సంచీలోని చిల్లరను ఒక్కో బిళ్ళా తిప్పి చూసుకునేవాడు. సంవత్సరం అంకె కింద ఏ గుర్తు ఉందో వెతికేవాడు. చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఆకారం ఉంటే బొంబాయి, నక్షత్రం ఉంటే మన హైదరాబాదు, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా టంకశాల. మనసుకు నచ్చిన బిళ్ళ కనిపిస్తే, అంతే విలువ చేసే బిళ్ళ తన జేబులోంచి తీసి సంచీలో వేసి, దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. అన్నేళ్ళలో లెక్కలో పైసా తేడా రాలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఏడాదిగా ఆయన్ని కలిసిన ప్రతివాడూ ఆయనకు అంటగడుతున్న పేరు ఒకటే: ఆశపోతు.

ఆయన చేసిన నేరం, ఆన్‌లైన్ వేలంలో ఒక పాత రూపాయి కొనడం.

నాణేలు పోగేసేవాళ్ళకు 1939 రూపాయి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆరో జార్జి తలకాయ, 11.66 గ్రాముల తూకం, పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. యుద్ధం వచ్చింది, వెండికి కటకట వచ్చింది, 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి దిగిపోయింది. మేలిమి రూపాయల వరుసలో చివరి ఏడాది కావడం, దొరకడం బహు కష్టం కావడం వల్ల 1939 అంటే సేకర్తలు ప్రాణం పెడతారు. దాని ముందటి ఏడాది 1938 రూపాయి మాత్రం మామూలు ధరకే దొరుకుతుంది. రెంటికీ తేడా చివరి అంకె ఒక్కటే. ఆ ఒక్క అంకె దగ్గరే మా బావ కొంప మునిగింది.

రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కూతురి పెళ్ళికి, ఇంటి కప్పుకు పోను కొంత తన కోసం అట్టిపెట్టుకున్నాడు. జీవితంలో తన కోసం దాచుకున్న మొదటి సొమ్ము అది. ఒక వేలం సైటులో 1939 రూపాయి కనబడింది. ఫొటోలో నిగనిగలాడుతోంది. ‘అసలైనదని హామీ’ అని పైన పెద్ద అక్షరాలు. ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం’ అని అడుగున చీమ తలకాయంత అక్షరాలు. ఈ రెండు మాటలూ ఒకే పేజీలో ఎలా కాపురం చేస్తున్నాయని ఆయన అడగలేదు. అడగడానికి అక్కడ మనిషంటూ లేడు.

ఆదివారం రాత్రి తొమ్మిదికి పాట ముగియాలి. పదిహేను వేలతో మొదలైంది. ముప్పై దాటాక పోటీలో ఇద్దరే మిగిలారు. ఒకరు మా బావ. రెండోవాడి పేరులో మొదటి అక్షరం, చివరి అంకె తప్ప మిగతాదంతా చుక్కలే. ఈయన వెయ్యి పెంచితే రెండు క్షణాల్లో అవతల నుంచి ఇంకో వెయ్యి. గడువు ముగుస్తుందనగా ఎవరైనా పాడితే గడియారం మరో మూడు నిమిషాలు సాగుతుంది. డెబ్బై ఎనిమిది వేల దగ్గర అవతలి గొంతు ఆగింది. సైటు కమీషను, తపాలా ఖర్చు అదనం. తర్వాత మేం తీరిగ్గా పాత పాటలు తిరగేసి చూస్తే, ఆ చుక్కల పేరు ఆ అమ్మకందారు పెట్టిన సరుకులన్నిట్లోనూ ఉంది. ప్రతిదాన్లోనూ చివరిదాకా వచ్చి ఓడిపోయింది. ఓడిపోవడమే దాని ఉద్యోగం.

మనకు వేలం పాటలు కొత్త కాదు. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది, 2024 నాటికి ముప్పై లక్షలు దాటింది. వేలంవెర్రి అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. కానీ అక్కడ లడ్డూ కళ్ళ ముందు ఉంటుంది, పాడేవాడి ముఖం ఊరంతా చూస్తుంది. చేపల చెరువు వేలంలో ఎవడైనా దొంగపాట పాడితే, వాడు ఎవరి మనిషో పొద్దుగూకేలోపు రచ్చబండకు చేరిపోతుంది. ఆన్‌లైన్ వేలంలో సరుకు ఒక బొమ్మ, పోటీదారు నాలుగు చుక్కలు, అమ్మేవాడు ఒక ఈమెయిలు. మొత్తం తంతులో నిజమైనది మనం కట్టే డబ్బొక్కటే.

నాణెం వచ్చింది. బంగారం కొట్టులో తూచారు, సరిపోయింది. నీళ్ళలో వేలాడదీసి తూస్తే 1.13 గ్రాములు తగ్గింది, మేలిమి వెండి లెక్కకు అదీ సరిపోయింది. మా బావ నాకు ఫోన్ చేసి, “బామ్మర్దీ, దొరికిందిరా!” అన్నప్పుడు ఆయన గొంతులో ఉన్న సంబరం నాకింకా గుర్తుంది. పన్నెండో రోజున, నలభై ఏళ్ళుగా నాణేలు చూస్తున్న ఒక పెద్దాయన దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అద్దాన్ని బావ చేతికిచ్చి, చివరి అంకె చూడమన్నాడు. ఎనిమిదిలో కింది సున్నాకు ఎడమ పక్కన సన్నటి ఉలితో గీకేశారు. గీకిన చోట నేల మిగతా నేలలా లేదు, గరుకుగా ఉంది. తీసేసిన లోహం నువ్వుగింజలో సగం కూడా ఉండదు. ఎనిమిది తొమ్మిదయింది.

ఇంతవరకూ జరిగింది మోసం. మోసాలు లోకంలో ఎప్పుడూ ఉన్నాయి. నా కడుపుమంట దాని గురించి కాదు. ఆ తర్వాత జరిగినదాని గురించి.

మొదట వేలం సైటుకు రాశాం. ‘మీ సహనానికి ధన్యవాదాలు’ అని యంత్రం జవాబిచ్చింది. సహనం గురించి మేం ఏమీ రాయలేదు. వారం తర్వాత వచ్చిన రెండో జవాబులో, వాపసు గడువు ఏడు రోజులేననీ, తాము అమ్మేవారినీ కొనేవారినీ కలిపే వేదిక మాత్రమేననీ ఉంది. మూడో ఉత్తరానికి జవాబు, ఫిర్యాదు ముగించాం అని. ఎవరు ముగించారు? ఏం విచారించి ముగించారు? కమీషను తీసుకునేటప్పుడు వీళ్ళు వేలం నిర్వాహకులు. అందులో తమ వాటా ఎంతో పైసాతో సహా తెలుసు. నాణెం దొంగదని తేలగానే గోడకు కొట్టిన మేకులాంటి వేదిక అయిపోతారు. ఐటీ చట్టం 79వ సెక్షను మధ్యవర్తులకు ఇచ్చిన రక్షణను గొడుగులా పట్టుకుని నిలబడతారు. అదే దేశంలో 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి అని అవి అంటున్నాయి. అందినట్టు వెంటనే చెప్పారు, ఒప్పుకుంటాను. పరిష్కారం అంటే ఫైలు మూసెయ్యడమని నిబంధనలో ఎక్కడుంది?

తర్వాత బ్యాంకు. “పిన్ను మీరే కొట్టారు కదండీ” అన్నారు. కొట్టాడు. నాణెం కొంటున్నాననుకుని కొట్టాడు. సైబర్ నేరాల నంబరు 1930కి చేశాం. డబ్బు పోయిన గంటల్లో చెబితే ఖాతాను ఆపే వీలుంటుంది, ఎంతోమందికి ఆ నంబరు మేలు చేసింది కూడా. కానీ దొంగ నాణెం సంగతి గంటల్లో బయటపడేది కాదు. అది ఇంటికి రావాలి, తెలిసినవాడి కంటబడాలి, భూతద్దం కిందికి చేరాలి. ఈలోగా డబ్బు ఎన్నో ఖాతాలు దాటి వెళ్ళిపోతుంది. ఆలస్యంగా తెలియడమే ఈ మోసం స్వభావం. ఆ ఆలస్యాన్నే ప్రతి కౌంటరులోనూ మా బావ తప్పుగా లెక్క రాశారు.

ఆ తర్వాత పోలీసు స్టేషను. అధికారి దరఖాస్తు చదివి, నాణెం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“వెండి మంచిదే అంటున్నవ్. తూకం సరిపోయిందంటున్నవ్. ఇంక మోసమెక్కడుంది పెద్దాయనా?”

“నేను వెండి కొనలే సార్. సంవత్సరం కొన్న” అన్నాడు మా బావ.

పక్కనున్న ఇద్దరు నవ్వారు. “రూపాయికి డెబ్బై ఎనిమిది వేలు పెట్టమని నీకెవడు చెప్పిండు?” అన్నాడు అధికారి. అది ప్రశ్న కాదు, తీర్పు. దరఖాస్తు అందినట్టు ముద్ర కొట్టి ఇచ్చారు. కేసు కట్టలేదు. మోసం చేసి సొత్తు రాబట్టుకుంటే ఏడేళ్ళ దాకా శిక్ష వేయమని భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను చెబుతోంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త చట్టాలు వచ్చిన 2024 జూలై 1 నుంచి గోడల మీద బొమ్మలు వేసి మరీ చెబుతున్నారు. ఆ బొమ్మ ఉన్న గోడ పక్కనే నిలబడి మేం ఈ నవ్వు విన్నాం.

అన్నిటికన్నా నన్ను కాల్చింది చివరి గడప. నాణేల సేకర్తల్లో పేరున్న ఒక వ్యాపారి దగ్గరికి వెళ్ళాం. ఆయన భూతద్దం కూడా తీయలేదు, చూడగానే చెప్పేశాడు, అంకె దిద్దిందని. ఇలాంటివి తన చేతుల మీదుగా చాలా వెళ్ళాయన్నాడు. మరి నలుగురికీ చెప్పొచ్చు కదా అన్నాను. “గొడవ చేస్తే బజారు పడిపోతుంది. గమ్మునుండండి. వచ్చే ప్రదర్శనలో ఎవరో ఒకరికి తోసెయ్యండి, మీ డబ్బు మీకొస్తుంది” అన్నాడు. సలహాకు డబ్బులేమీ తీసుకోలేదు, టీ కూడా తాగించాడు.

ముప్పై మూడేళ్ళు చిరిగిన నోటును సైతం ఇంకో ప్రయాణికుడికి అంటగట్టని మనిషితో అన్న మాట అది.

ఈ నాలుగు గడపల్లోనూ మాకు వినబడిన వాక్యం ఒకటే, వేషాలే వేరు. ‘ఆశపడ్డావు, అనుభవించు.’ మన బంగారం మంచిదైతే అనే సామెత మనకు నోటికి రావడమే ఆలస్యం. పోగొట్టుకున్నవాడి బంగారాన్నే గీటురాయి మీద గీస్తాం, దొంగను ఎవరూ గీయరు. ఫ్లాటు కొని మోసపోయినవాడు బాధితుడు. చిట్టీ కట్టి మునిగినవాడు బాధితుడు. పాత రూపాయి కొని మునిగినవాడు మాత్రం వెర్రివాడు. లక్ష పెట్టి ఫోను కొంటే అవసరం, డెబ్బై ఎనిమిది వేలు పెట్టి చరిత్ర కొంటే పిచ్చి. ఈ ఎగతాళే దొంగకు కాపలా కుక్క. పరువుపోతుందని భయపడి పదిమందిలో తొమ్మిదిమంది నోరు మూసుకుంటారని వాడికి బాగా తెలుసు.

వాడి పనితనం ఒక్క అంకె దగ్గర ఆగిందనుకుంటున్నారా? అచ్చు పోసిన నకళ్ళు ఉన్నాయి. వాటి అంచు మీద చేయి పెడితే సన్నటి అతుకు తగులుతుంది, నేల మీద సూది మొనంత గుంటలు కనబడతాయి. ఫొటోలో ఈ రెండూ కనబడవు. ఒక నాణెం ఫొటో పెట్టి మరో నాణెం పంపేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే సంస్థలు నాణేన్ని పరీక్షించి, 1 నుంచి 70 దాకా మార్కులు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి సీలు వేస్తాయి. ఆ పెట్టెను నమ్మితే చాలనుకుంటాం. ఆ పెట్టెకే నకిలీలు వచ్చాయి. అసలు పెట్టె మీది నంబరునే నకిలీ మీద అచ్చు వేస్తారు. ఆ నంబరు సరిచూస్తే సరైనదనే వస్తుంది. తాళం దొంగది, తలుపు దొంగది, తాళంచెవి మాత్రం అసలైనది.

అదే అమెరికాలో 1973లోనే ఒక చట్టం తెచ్చారు. నకలు నాణెం చేస్తే దాని మీద ‘కాపీ’ అని చెక్కి తీరాలి. మన సంతల్లో, సైట్లలో నేను ఇన్నేళ్ళలో చూసిన నకళ్ళలో ఒక్కదాని మీదా అలాంటి ముద్ర లేదు. 2004లో ఈబే మన దేశపు బాజీ సైటును కొన్న నాటి నుంచి లెక్కేసుకున్నా ఆన్‌లైన్ వేలాలు మన ఇళ్ళలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇరవై ఏళ్ళలో ఒక తరం పుట్టి ఉద్యోగాలకు వెళుతోంది. దొంగపాట ఎవడు పాడాడో బయటపెట్టాలన్న ఆలోచన మాత్రం ఇంకా పురిట్లోనే ఉంది.

ఇదే దుకాణానికి ఇంకో వాకిలి ఉంది, అది అమ్మేవాళ్ళ కోసం. ‘మీ ఇంట్లో వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళ ఉందా? ట్రాక్టరు బొమ్మ ఉన్న నోటు ఉందా? లక్షలు మీవే’ అని తెలుగులో ఎన్ని వీడియోలు! నమ్మి ఫోన్ చేస్తే రిజిస్ట్రేషను ఫీజు అంటారు, పన్ను అంటారు, కమీషను అంటారు, రిజర్వు బ్యాంకు ముద్రతో కాగితం పంపుతారు. పాత నోట్లు, నాణేల వ్యవహారంతో తమకు సంబంధం లేదనీ, అలాంటి ఫీజులు తామెప్పుడూ అడగమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చింది. ప్రకటన వచ్చింది, పత్రికల్లో పడింది, మర్నాటికి పాతబడింది. వీడియోలు ఇవాళ్టికీ ఆడుతున్నాయి. మా అక్క లక్ష్మీపూజకు తామరపువ్వు బొమ్మ ఉన్న ఇరవై పైసల బిళ్ళలు నూట ఎనిమిది దాచుకుంది. అవి కొంటామని ఆమెకూ ఫోన్ వచ్చింది. ఆమె కొత్తగా నేర్చిన పాఠం ఉంది కాబట్టి పెట్టేసింది. ఆ పాఠానికి మా ఇల్లు కట్టిన ఫీజు ఎంతో పైన చెప్పాను.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహనుల సిముకుని పేరున్న నాణేలు దొరికిన చోటు. వాళ్ళకన్నా ముందే గోబద, నారన, సమగోప అనే పాలకులు ఆ నేల మీద ఉన్నారని మనకు చెప్పింది ఏ ఆస్థాన కవీ కాదు, మట్టిలో దొరికిన చిన్న చిన్న నాణేలు. మన చరిత్రలో కొందరు రాజులకు బిళ్ళ ఒక్కటే సాక్షి. అలాంటిచోట దొంగ సాక్షిని ప్రవేశపెడితే ఏమవుతుంది? లేని రాజు పుడతాడు, ఉన్న రాజు తేదీ మారుతుంది. అసలైన నాణేలదీ ఇంకో గోడు. నేలలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది. నూరేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దాన్ని దేశం దాటించడం నేరం. నిజాం కాలపు పాత రూపాయి మీద మమకారంతో డల్లాస్‌లో కూర్చుని హైదరాబాదు అమ్మకందారు దగ్గర పాట పాడే మన పిల్లలకు ఈ సంగతి ఏ సైటు చెబుతోంది? ‘ఏ దేశానికైనా పంపుతాం’ అన్న బోర్డు మాత్రం మెరుస్తూ ఉంటుంది.

కాబట్టి మేం అడిగేది పెద్ద కోరికలు కావు. వేలం సైట్లు అమ్మేవాడికి డబ్బు వెంటనే ఇవ్వకూడదు. నాణెం తెలిసినవాళ్ళ చేత చూపించుకోవడానికి కనీసం నెల రోజులు ఇచ్చి, ఆ తర్వాతే ఇవ్వాలి. తూకం, కొలత, అంచు ఫొటో లేని సరుకును పాటకు పెట్టనివ్వకూడదు. ఓడిపోవడమే ఉద్యోగమైన ఆ చుక్కల పేర్ల వెనక ఎవరున్నారో సైటు కంప్యూటరుకు తెలుసు, పోలీసులు అడిగితే తెలుస్తుంది. అడగాలి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో, విజయవాడ బాపు మ్యూజియంలో నాణేలు చదవగలిగిన వాళ్ళు ఉన్నారు. నెలకు ఒక్క పూట బల్ల వేసుకుని కూర్చుని, జనం తెచ్చిన బిళ్ళ చూసి అసలో నకలో చెబితే కొన్ని వందల ఇళ్ళు నిలబడతాయి. నాణేల సంఘాల పెద్దలకు చెప్పేది ఒకటే: బజారు పడిపోతుందని మీరు దాచే ప్రతి అబద్ధం మీదే బజారు నిలబడి ఉంటే, అది పడిపోవాల్సిందే.

ఇది చదివేవాళ్ళలో పాత బిళ్ళల మీద ఇష్టమున్నవాళ్ళు ఉంటారు. ఆ ఇష్టానికి సిగ్గుపడకండి. చేతిలోకి తీసుకుని చూడలేని నాణేనికి పాట పాడకండి. పాడి మోసపోతే దాచుకోకండి, 1930కి, వినియోగదారుల నంబరు 1915కి, స్టేషనుకు, పత్రికకు చెప్పండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు. మీ తర్వాత వచ్చేవాడి చేతిలోకి అదే రూపాయి వెళ్ళకుండా ఉంటుంది.

మా బావ ఆ రూపాయిని ఎవరికీ తోసెయ్యలేదు. ఆల్బంలో దాని చోట దాన్ని పెట్టి, కింద చీటీ మీద తన టికెట్లు రాసిన చేతిరాతతో రాశాడు: “1938. తొమ్మిది అబద్ధం.” వేలం సైటు, బ్యాంకు, స్టేషను, వ్యాపారి అందరూ కలిసి రాయడానికి ఒప్పుకోని రెండు మాటలు, నష్టపోయినవాడే రాసి పెట్టాడు.